కార్బొరేటర్ల తూకం

ముప్పయ్యేళ్ళకు పైగా పిల్లలకు సంధులూ సమాసాలూ చెప్పి పదవీ విరమణ చేసిన తెలుగు పండితుడు కార్బొరేటర్లను గురించి వ్రాయటమేమిటని మిత్రులు కొందరు ముక్కున వేలు వేసుకోవచ్చు. వేసుకొన్నా సరే, కాస్త ఓపిక పట్టి చదవమని మనవి. నాకు యంత్రవిద్యలో ప్రవేశం లేదు. ఒక పనికి తెలుగులో ఏ పేరు పెట్టాలి అన్న ప్రశ్నతో మొదలుపెట్టాను. తీగ లాగితే డొంకంతా కదిలినట్లు, ఆ పనిని ఎవరు నేర్చుకోగలరు, ఎవరికి నేర్పగలం అన్న ప్రశ్న దగ్గరకు చేరాను. ఆ రెండవది ఉపాధ్యాయుడి ప్రశ్నే గదా.

విజయవాడ ఆటోనగరులో మా శిష్యుడొకడికి మోటారు సైకిళ్ళ షెడ్డు ఉంది. తొమ్మిదో తరగతిలో ఛందస్సు అనగానే కిటికీలోంచి రోడ్డు మీద పోయే బళ్ళను లెక్కపెట్టినవాడు. ఇప్పుడు పాతబడిన జపాను బళ్ళకు వైద్యం చేస్తున్నాడు. నేను బెజవాడ వెళ్ళినప్పుడల్లా ఒక పూట అక్కడ కూర్చుంటాను. బల్ల మీద గ్రీజు అంటని చోటు చూసి పాత పేపరు పరిచి, "కూర్చోండి మాష్టారూ" అంటాడు. ఆ పేపరే నాకు సింహాసనం.

అక్కడికి వచ్చిన ఒక బండి కథ చెబితేగాని నా వాదం అర్థం కాదు. అది కవాసాకి నింజా 250ఆర్. 2009లో బజాజ్ వారు దీనిని మన దేశంలో అమ్మటం మొదలుపెట్టారు. కొన్ని విదేశాలలో ఇదే బండి ఇంధన ఇంజెక్షనుతో వచ్చినా, మనకు వచ్చింది మాత్రం రెండు కార్బొరేటర్లతో. 2013లో దీని స్థానంలో నింజా 300 వచ్చింది, ఇంజెక్షనుతో. కనుక ఈ 250 బళ్ళు ఇప్పుడు రెండు మూడు చేతులు మారి, మోజుపడి కొన్న కుర్రవాళ్ళ దగ్గర ఉన్నాయి. మన ఊళ్ళలో నూటికి తొంభై తొమ్మిది బళ్ళకు ఒకటే సిలిండరు, కార్బొరేటరు ఉన్నవాటికి అదీ ఒకటే. ఆ చదువు చదివిన మెకానిక్కు చేతికి రెండున్న బండి వస్తే ఏం జరుగుతుందో ఈ బళ్ళే చెబుతున్నాయి.

ఆ బండి యజమాని ఇంజనీరింగు చదువుతున్న పిల్లవాడు. అంతకుముందు వేరొక చోట (ఎక్కడన్నది అనవసరం) మూడుసార్లు 'ట్యూనింగు' చేయించుకొన్నాడట. మూడుసార్లూ డబ్బు ఇచ్చాడట. బండి మాత్రం హ్యాండిలు పట్టుకొంటే అరచేతులు తిమ్మిరెక్కేలా వణుకుతూనే ఉంది. ఒక ప్లగ్గు ఇటుకరంగులో శుభ్రంగా ఉన్నది, రెండవది మసిబారి ఉన్నది. ఐడిలింగు నిమిషానికి 1300 చుట్లు ఉండవలసింది 2000 దాకా పెంచి పెట్టారు. పెంచితే చప్పుడు నున్నగా వినిపిస్తుంది. జ్వరంతో ఉన్నవాడికి పౌడరు రాసినట్లన్నమాట. రెండు కార్బొరేటర్ల మిక్స్చరు స్క్రూలనూ ఎడాపెడా తిప్పేశారు కూడా. పాపం, ఆ మేస్త్రీ మోసగాడని నేననను. తన చెవికి ఏది బాగుందో అది చేశాడు. నా అభ్యంతరమంతా ఆ చెవితోనే.

ఈ రెండు కార్బొరేటర్ల సంగతి కొంచెం విప్పి చెబుతాను. ఒక్కొక్క సిలిండరుకు ఒక్కొక్క కార్బొరేటరు. ప్రతి కార్బొరేటరు గొంతులోనూ ఒక చిన్న ఇత్తడి బిళ్ళ అడ్డంగా ఉంటుంది, ఇరుసు మీద తిరుగుతుంది. దాన్ని బటర్‌ఫ్లై అంటారు. మనం చేతితో ఏక్సిలరేటరు తిప్పితే ఆ బిళ్ళ తిరిగి దారి ఇస్తుంది, గాలి లోపలికి పోతుంది. రెండు బిళ్ళలనూ కలిపే లంకె ఒకటి ఉంటుంది, ఆ లంకెలో ఒక చిన్న స్క్రూ. ఆ స్క్రూ తిప్పితే ఒక బిళ్ళ మరొకదానికంటె కాస్త ఎక్కువగానో తక్కువగానో తెరుచుకొంటుంది. పని మొత్తం ఆ ఒక్క స్క్రూ మీదే.

ఇందులో ఒక సూక్ష్మం ఉంది. బండి నిలబడి ఐడిలింగులో ఉన్నప్పుడు ఆ బిళ్ళ దాదాపు మూసుకొనే ఉంటుంది. గాలికి దొరికే సందు వెంట్రుక మందం. ఒక వైపు సందు మరొక వైపు కంటె సగం వెంట్రుక ఎక్కువైతే, గాలి సగానికి సగం తేడా వస్తుంది. అదే రోడ్డు మీద పూర్తిగా ఏక్సిలరేటరు తిప్పి పోతున్నప్పుడు ఈ సగం వెంట్రుక లెక్కలోకే రాదు. పంక్తిలో ఇద్దరికి చెరో గుప్పెడు మెతుకులు వడ్డిస్తే నాలుగు మెతుకుల తేడా కంటికి తగులుతుంది. చెరో గంపెడు వడ్డిస్తే ఎవడికి కావాలి? అందుకే ఈ జబ్బు ఊళ్ళో నెమ్మదిగా పోయేటప్పుడూ, సిగ్నలు దగ్గర ఆగినప్పుడూ, కదలబోయేటప్పుడూ బాధిస్తుంది. హైవే మీద బండి బాగానే పోతుంది. "హైవేలో బాగానే ఉందిగా, ఇక నీ బాధేమిటి?" అని ఆ పిల్లవాడిని వెనక్కు పంపారట.

సరే, చెవి దగ్గరకు వస్తాను. చెవిని తక్కువ చేయటం నాకు ఇష్టం లేదు. గణదోషం, యతిభంగం పుస్తకం చూడకుండా చెవితోనే పట్టుకోవాలని పిల్లలకు చెప్పినవాణ్ణి. సంగీతంలో తంబురా శ్రుతి చేసేవారిని చూడండి. నడుమనున్న రెండు తీగలూ ఒకే స్వరంలో ఉండాలి. కాస్త తేడా ఉంటే ధ్వని అలలు అలలుగా ఊగుతుంది. బడిలో భౌతికశాస్త్రం చెప్పే మిత్రులు దాన్ని విస్పందనాలు అనేవారు. బిరడా తిప్పుతూ పోతే ఆ ఊగు నెమ్మదించి, నెమ్మదించి, ఆగిపోతుంది. అప్పుడు రెండు తీగలూ ఒకటైనట్లు. అక్కడ చెవికి పట్టు దొరికింది. తప్పును తీగలే బయటపెడుతున్నాయి.

ఇంజనులో ఈ సౌకర్యం లేదు. రెండు సిలిండర్ల చప్పుడూ కలగాపులగమై ఒకే సైలెన్సరు నుంచి వస్తుంది. మొత్తం ఎంతో చెవి చెబుతుంది, ఎవరి వాటా ఎంతో చెప్పదు. పైగా ఈ నింజాలో ఇంకో చిక్కు. దాని రెండు పిస్టన్లూ ఒకటి పైకి పోతే ఒకటి కిందికి దిగేట్లు అమర్చారు. అందువలన పేలుళ్ళు సమాన విరామాలతో రావు. ఒకదాని వెనుక ఒకటి 180 డిగ్రీలలో వస్తాయి, తరువాతిదానికి 540 డిగ్రీలు తిరగాలి. గురు లఘువుల భాషలో చెప్పాలంటే, ఆ బండి నడకే కుంటినడక. ఆరోగ్యంగా ఉన్నప్పుడు కూడా అది అట్లాగే ధ్వనిస్తుంది. బుల్లెట్టు, స్ప్లెండరుల సమలయకు అలవాటుపడిన చెవి దీన్ని వినగానే 'మిస్సింగు' అంటుంది. లేని రోగానికి మందు వేయటం అక్కడ మొదలవుతుంది.

మరి తెలిసేది ఎట్లా? కార్బొరేటరుకూ ఇంజనుకూ మధ్య ఉన్న గొట్టంలో గాలి పీడనం బయటికంటె తక్కువ ఉంటుంది. పిస్టను కిందికి దిగుతూ లాగుతున్నది, బిళ్ళ అడ్డుపడుతున్నది గనుక. బిళ్ళ ఎంత మూసుకొంటే లాగుడు అంత గట్టిగా కనిపిస్తుంది. ఆ లాగుడును కొలిచే సాధనాన్ని వ్యాక్యూమ్ గేజి అంటారు. (శూన్యమాపకమని అనువదిస్తే పొరపాటే. అక్కడ శూన్యం లేదు, పీడనం తగ్గిందంతే. 1643లో టోరిసెల్లి పాదరసాన్ని గాజుగొట్టంలో తలకిందులు చేసినప్పుడు, 76 సెంటీమీటర్ల మీద ఏర్పడినది దాదాపు శూన్యం. మన బండికి అంత సీను లేదు.) రెండు సిలిండర్లకూ రెండు గేజిలు తగిలించి, రెండూ ఒకే అంకె చూపేదాకా ఆ స్క్రూను తిప్పటమే పని. లాగుడు ఎక్కువగా ఉన్న వైపు బిళ్ళ ఎక్కువ మూసుకొని ఉందని అర్థం. కవాసాకి వారి పుస్తకం రెండింటికీ మధ్య 2 సెంటీమీటర్ల పాదరసానికి మించి తేడా ఉండకూడదంటుంది.

ఇక్కడ మా శిష్యుడు ఒక మాట చెప్పాడు, అది నాకు బాగా నచ్చింది. చవక గేజిలు రెండు కొంటే రెండూ ఒకే అబద్ధం చెప్పవట, చెరో అబద్ధం చెబుతాయట. కనుక ముందుగా రెండింటినీ ఒకదాని తరువాత ఒకటి ఒకే సిలిండరుకు పెట్టి చూస్తాడు. ఒకటి 20 చూపి, మరొకటి 21 చూపితే, ఆ ఒకటి తేడాను గుర్తుపెట్టుకొని పనిలోకి దిగుతాడు. వింటుంటే నాకు మా ఊరి కిరాణా కొట్టు త్రాసు గుర్తుకు వచ్చింది. ఖాళీ తక్కెడలు సమంగా నిలవకపోతే ఒక వైపు చిన్న రాయో మేకో కట్టేవారు. దాన్ని పాసంగం అంటాము. సరుకు తూచే ముందు పాసంగం చూడవలె. "నువ్వు చేసేది పాసంగం చూడటమేరా" అంటే వాడు ఆ మాట ఎప్పుడూ వినలేదన్నాడు. షెడ్డులో ఇప్పుడు ఆ మాట చలామణిలో ఉంది. తెలుగు పండితుడిగా అక్కడ నేను సాధించినది ఇంతే.

గేజిల ముల్లు ఇంకో పేచీ పెడుతుంది. నిమిషానికి 1300 చుట్లంటే ఒక్కొక్క సిలిండరు 650 సార్లు గాలి పీలుస్తుంది. అంటే సెకనుకు పదకొండు సార్లు. ప్రతి పీల్పుకూ ముల్లు ఎగిరిపడుతూ జ్వరం వచ్చినట్లు వణుకుతుంది, ఏ అంకె చదవాలో తెలియదు. దానికి గొట్టంలో సన్నని రంధ్రమున్న అడ్డు పెడతారు. చేపల తొట్టికి గాలి పంపే గొట్టంలో ఉండే చిన్న వాల్వు చాలు. మరీ బిగిస్తే ముల్లు చచ్చినట్లు పడి ఉంటుంది, స్క్రూ తిప్పినా ఉలకదు. కాస్త వణుకు మిగలనివ్వాలి.

కానీ మా వాడు ఇప్పుడు గేజిలు కూడా వాడటం లేదు. తాపీ మేస్త్రీలు నేల మట్టం చూడటానికి వాడే పారదర్శకమైన లెవెల్ పైపు మీరందరూ చూసే ఉంటారు. ఒక గది నుంచి మరొక గదికి నీళ్ళు ఒకే ఎత్తులో నిలవటాన్ని చూసి గీత కొడతారు. ఆ పైపునే ఆంగ్ల 'యు' ఆకారంలో ఒక చెక్క మీద మనిషి భుజం ఎత్తున బిగించాడు. కింద టూ స్ట్రోకు నూనె పోశాడు. రెండు కొసలనూ రెండు సిలిండర్లకు కలిపాడు. ఎటు లాగుడు ఎక్కువైతే నూనె అటు ఎక్కుతుంది. రెండూ సమమైతే రెండు కొమ్మల్లోనూ ఒకే మట్టంలో నిలుస్తుంది. చదవటానికి అంకెలే లేవు. పాసంగం అసలే లేదు, ఎందుకంటే నూనె రెండు వైపులా ఒకటే.

దీని సున్నితత్వం చూసి ఆశ్చర్యపోయాను. పాదరసం నీటికంటె 13.6 రెట్లు బరువు. అందుచేత పుస్తకంలో ఒప్పుకొన్న ఆ 2 సెంటీమీటర్ల పాదరసం తేడా నీటిలో 27 సెంటీమీటర్లవుతుంది, నూనె ఇంకా తేలిక గనుక సుమారు 32 సెంటీమీటర్లవుతుంది. అంటే కంపెనీ వారు 'ఇంతవరకు ఫరవాలేదు' అన్న తేడా ఈ చెక్క మీద మూరెడుకు కాస్త తక్కువగా కనిపిస్తుంది. వేలెడు తేడాకు తీసుకురావటం కష్టమేమీ కాదు. ఖరీదైన గేజి చూపలేని తేడాను హార్డ్‌వేరు కొట్టు పైపు చూపుతున్నది.

అయితే దీనితో ప్రమాదమూ ఉంది, చెప్పకపోతే తప్పవుతుంది. పైపు చూపేది రెండు లాగుళ్ళ తేడాను. ఒక వైపు పైపు ఊడిపోయిందనుకోండి, రెండవ వైపు లాగుడు మొత్తం నూనె మీద పడుతుంది. అది 20 సెంటీమీటర్ల పాదరసమైనా సరే, నీటి లెక్కలో 2.7 మీటర్లు. భుజం ఎత్తు చెక్క ఎంత? నూనె మొత్తం గుటుక్కున ఇంజనులోకి పోతుంది. పాతకాలపు పాదరసపు గొట్టాలతో ఇట్లాగే పాదరసం లోపలికి పోయి విషపు పొగ అయ్యే ప్రమాదం ఉండేది. అందుకే పాదరసం జోలికి పోవద్దు. నూనెకైనా సరే రెండు కొసలకూ చెరో గట్టి ఖాళీ సీసా మధ్యలో పెట్టాలి, పొంగివచ్చిన నూనె మొత్తం అందులో పట్టాలి. ఆ సీసాల గాలి వల్ల నూనె ఊగులాట కూడా తగ్గుతుంది. పెట్రోలు ట్యాంకు తీసేసి, ఆసుపత్రిలో సెలైను కట్టినట్లు పైన చిన్న సీసా కట్టి పని చేస్తారు కాబట్టి, వేడి ఇంజను మీద చుక్క పడకుండా చూసుకోవాలి. షట్టరు మూసి చేయకూడదు, పొగకు మనిషి తూలిపోతాడు. నిలబడి ఉన్న బండికి గాలి తగలదు గనుక ముందొక ఫ్యాను పెట్టాలి.

ఇంకొక మాట. ఈ తూకం చివరి పని, మొదటి పని కాదు. ట్యాపెట్లు సరిగా ఉండాలి, ఎయిర్ ఫిల్టరు శుభ్రంగా ఉండాలి, కార్బొరేటరు వెనుక రబ్బరు గొట్టం పగిలి గాలి దొంగతనంగా పోకూడదు, ఇంజను బాగా వేడెక్కి ఉండాలి. వాల్వు సరిగా మూసుకోని సిలిండరు లాగుడు ఎట్లాగూ తక్కువ చూపుతుంది. దాన్ని కార్బొరేటరు స్క్రూతో సరిచేస్తే నూనె మట్టం కుదురుతుంది, బండి మాత్రం కుదరదు. కొందరు గేజిని కొని, దానిని దేవుడిలాగా నమ్మి, ఇవేవీ చూడకుండా స్క్రూ తిప్పుతున్నారు. చెవిని నమ్మిన మేస్త్రీ కంటె వీరేమీ మెరుగు కాదు.

ఆ పిల్లవాడి బండికి ట్యాపెట్లు చూసి, మిక్స్చరు స్క్రూలను పుస్తకంలో చెప్పిన చోటికి తెచ్చి, చెక్కను తగిలించారు. ఇంజను తిప్పీ తిప్పగానే నూనె ఒక కొమ్మలో జరజరా పైకి ప్రాకింది. సీసాలో పడేదే, వెంటనే ఆపారు. పొడుగాటి స్క్రూడ్రైవరుతో పావు చుట్టు తిప్పి మళ్ళీ స్టార్టు చేశారు. ఈసారి ప్రాకటం నెమ్మదించింది. ఇంకొంచెం తిప్పితే దిగటం మొదలుపెట్టింది. ఒకసారి రేజు చేసి వదిలి, నూనె మళ్ళీ అక్కడికే వచ్చి నిలుస్తుందో లేదో చూశారు. ఐడిలింగు పెరిగిందని దాన్ని 1300కు తగ్గించి, మళ్ళీ చూశారు. పావుగంట పట్టలేదు. స్క్రూడ్రైవరు పట్టుకొన్నది మా వాడు కాదు. షెడ్డులో చేరి ఆరు నెలలైన కుర్రవాడు, పదహారేళ్ళు దాటి పదిహేడు నడుస్తున్నవాడు.

అది నన్ను ఆలోచనలో పడేసింది. "నీకు పాతికేళ్ళ అనుభవం ఉంది గదా, నీ చెవికి తెలియదట్రా?" అని అడిగాను. వాడు చేతులు తుడుచుకొంటూ అన్న మాట ఇది: "కొంత తెలుస్తుందండీ మాష్టారూ. కానీ నా చెవి నా దగ్గరే ఉంటుందండీ. వీడికి ఎలా ఇస్తానండీ?"

ఆటోనగరులో గొప్ప చెవులున్న మేస్త్రీలు ఉండేవారు, ఇప్పుడూ ఉన్నారు. రబ్బరు గొట్టం ఒక కొస కార్బొరేటరు మూతి దగ్గర పెట్టి, రెండవ కొస చెవికి ఆనించి ఒక్కొక్క కార్బొరేటరు బుసను విడివిడిగా వినే పద్ధతి ఉంది. అది మంచి పద్ధతే, ఎందుకంటే అందులో పోలిక ఉంది. కానీ వారి దగ్గర పదేళ్ళు పనిచేసిన కుర్రాళ్ళను అడగండి. "అన్న వినేవాడండీ, తిప్పేవాడండీ" అంటారు. ఏమి వినేవాడో, ఎందుకు అటే తిప్పాడో వారికి తెలియదు. గురువు చెప్పలేదు. దాచుకొన్నాడని కొందరు నిందిస్తారు గానీ, చాలామందికి చెప్పటానికి మాట లేక చెప్పలేదని నా అభిప్రాయం. వినికిడిని మాటలలో పెట్టటం పద్యం వ్రాయటం కంటె కష్టం. నూనె మట్టం విషయంలో చెప్పవలసింది తక్కువ, చూపవలసింది ఎక్కువ. కుర్రవాడు ఒకసారి చూస్తే, తానే చేసి, తప్పయితే తానే దిద్దుకోగలడు. గురువు ఊళ్ళో లేకపోయినా దిద్దుకోగలడు. బండి యజమాని కూడా ప్రక్కన నిలబడి చూడగలడు, తాను డబ్బు ఇచ్చిన పని జరిగిందో లేదో తెలుసుకోగలడు. చెవి పనిలో అతను నమ్మటం తప్ప చేయగలిగింది లేదు. ఆ నమ్మకం ఖరీదే మన విద్యార్థి మూడుసార్లు చెల్లించాడు.

ఎదురు వాదాలు విన్నాను. మొదటిది: రాజ్‌దూత్ 350కి రెండు కార్బొరేటర్లున్నా గేజి లేకుండానే మన మేస్త్రీలు చేయలేదా? చేశారు, చక్కగా చేశారు. 1983లో యమహా ఆర్‌డి 350ను ఎస్కార్ట్స్ వారు ఆ పేరుతో తెచ్చినప్పటి నుంచీ చేశారు. కానీ అది టూ స్ట్రోకు బండి. దాని గాలి పీల్చే తీరే వేరు, ఈ కొలత అక్కడ పనికిరాదు. అక్కడ రెండు కార్బొరేటర్ల గొంతుల్లో వేళ్ళు పెట్టి, కేబులు లాగినప్పుడు రెండు స్లైడులూ ఒక్కసారే లేస్తున్నాయా అని తడిమి చూడటమే సరైన పద్ధతి. ఆ వేళ్ళకు నమస్కారం. ఆ విద్యను తెచ్చి నింజాకు వాడకూడదన్నదే నా మాట. జపాను వారికి కూడా ఈ సంగతి కష్టపడితేగాని తెలియలేదు. 1969లో అమ్మకానికి వచ్చిన హోండా సీబీ 750కి నాలుగు సిలిండర్లు, నాలుగు కార్బొరేటర్లు. మొదటి బళ్ళలో ఒక్కొక్కదానికి ఒక్కొక్క కేబులు. నాలుగు కేబుళ్ళు నాలుగు రకాలుగా సాగితే ఏమవుతుంది? మరుసటి ఏడాదికే వాటన్నిటినీ కలిపి కదిపే లంకె పెట్టారు. లంకె పెట్టిన తరువాత కూడా గేజి అవసరం పోలేదు.

రెండవ వాదం: 2020 ఏప్రిల్ 1 నుంచి బీ.ఎస్. 6 నిబంధనలు వచ్చాక కొత్త బళ్ళలో కార్బొరేటరు దాదాపు పోయింది గదా, చచ్చిన గుర్రానికి లాడాలెందుకు? పాత బళ్ళు రోడ్డు మీద ఉన్నన్నాళ్ళూ కావాలన్నది ఒక సమాధానం. అంతకంటె మంచి సమాధానం రాయల్ ఎన్‌ఫీల్డు వారి 650 బళ్ళు. 2018లో వచ్చిన ఆ ఇంటర్‌సెప్టరుకు కార్బొరేటరు లేదు గాని, రెండు సిలిండర్లకు రెండు థ్రాటిల్ బాడీలున్నాయి. వాటిలోనూ అవే బిళ్ళలు, అదే గాలి. పెట్రోలు చల్లేది కంప్యూటరు అయినా గాలి దారి సమం చేయవలసినది మనిషే. మా వాడి చెక్కకు పని తప్పలేదు.

ఇక పేరు సంగతి. ఆంగ్లంలో దీన్ని సింక్రనైజ్ చేయటం అంటారు. మనవాళ్ళు నిఘంటువు తీసి 'సమకాలీకరణ' అంటారు. ఫోనులో ఫొటోలు కలపటానికీ అదే, చలనచిత్రంలో పెదవికీ మాటకూ అదే. గ్రీకు మాటలో కాలం ఉంది గనుక మన మాటలోనూ కాలం వచ్చి కూర్చుంది. బిళ్ళలు ఏకకాలంలో కదలాలన్నంత వరకు అది నిజమే. కానీ రెండు సిలిండర్లు పీల్చేది ఏకకాలంలో కాదు, పేలేది ఏకకాలంలో కాదు. మనం సమం చేస్తున్నది వేళను కాదు, వాటాను. 'శ్రుతి చేయటం' అందామని మొదట నా మనసు లాగింది, పండితుడి మనసు అట్లాగే లాగుతుంది. కాని శ్రుతి అనగానే మళ్ళీ చెవి పెత్తనానికి వస్తుంది, అందుకే వదులుకొన్నాను. జరుగుతున్నది తూకం. రెండు తక్కెడలు, మధ్యలో ముల్లు, ముందు పాసంగం. 'సరితూగటం' మనకు ఎట్లాగూ ఉన్న మాట. దానినుంచి 'సరితూచటం' అంటే పరుషంగా లేదు, అర్థం చెప్పనక్కరలేదు. "కార్బొరేటర్లు సరితూచాలి" అని మొన్న ఫోనులో మా వాడితో అంటే ఒక క్షణం ఆగి, "సమం కొట్టాలి అంటామండీ మేము" అన్నాడు.

'సమం కొట్టటం' కూడా బాగానే ఉంది. నా మాట కంటె బాగుందేమోనన్న అనుమానం కూడా ఉంది. రాయలసీమలోనూ తెలంగాణలోనూ షెడ్డుల్లో ఈ పనిని ఏమంటున్నారో తెలిసిన మిత్రులు నాకు వ్రాయగలరు. ట్యూనింగు అన్నమాట తప్ప మరేదైనా సరే.